తప్పటడుగులు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణమును, కావ్యములను బోధించి విశ్రాంతి గైకొన్నవానికి ఇట్టి యాజ్ఞ లభించుట వింత గాదు. ఈ వేదికమీద నొక ప్రక్క బల్లపై నుంచిన వెండిపతకములను, పుస్తకముల కట్టలను మీరందఱును చూచుచునే యున్నారు. పదవతరగతి, ఇంటర్మీడియేటు, ఇంజనీరింగు ప్రవేశపరీక్షలలో హెచ్చు మార్కులు సంపాదించిన మన పిల్లలకు అవి మఱికొంతసేపటికి బహూకరింపబడును. వారికందఱికిని నా యాశీస్సులు. కాని నేనీ దినమున ప్రస్తావింపదలచినది ఆ పతకములలో నొక్కటియు రాని విద్యార్థిని గూర్చి. వాని వయస్సు మూడేండ్ల లోపు. వాని పాఠశాల మన వంటయింటికిని వసారాకును నడుమ నున్నది. తల్లిదండ్రులే వాని యుపాధ్యాయులు. తాము పాఠము చెప్పుచున్నట్లు వారికి తెలియనే తెలియదు. ఆ తల్లిదండ్రులు బిడ్డ నేర్చుకొనుచుండగా చూచి పొందెడి యానందమే నా విషయము. ఇది సభలో చెప్పదగిన సంగతియా యని మీకు శంక కలుగవచ్చును. కొంచె మోపిక పట్టుడు.

మన ప్రాచీనులీ విద్యార్థిని మఱచినవారు గారు. కాళిదాసు రఘువంశము తృతీయసర్గమున రఘుమహారాజు శైశవమును వర్ణించుచు, దాది పలికిన మాటను శిశువు తిరిగి పలికెననియు, ఆమె వ్రేలు పట్టుకొని నడచెననియు, నమస్కారము నేర్పగా వంగెననియు, దానిచే తండ్రికి సంతోషము వృద్ధి యయ్యెననియు నొక్క శ్లోకమున చెప్పెను. పలుకు, అడుగు, మ్రొక్కు: విద్యలు మూడే. అక్షరాభ్యాసము, శాస్త్రములు, ధనుర్విద్య యన్నియు తరువాత వచ్చినవి. దిలీపుడంతటి చక్రవర్తి సంతోషించుటకు కుమారుడు విల్లు పట్టుదాక ఆగలేదు. ఇక శాకుంతలము సప్తమాంకమున సింహపుపిల్ల పండ్లు లెక్కింపబోవుచున్న బాలుని చూచి, వాడు తన కుమారుడని యెఱుగని దుష్యంతుడు, పిల్లల యొంటి ధూళి తమ యొడికంటిన తండ్రులు ధన్యులని నిట్టూర్చును. బిడ్డ తొలిపలుకును తొలియడుగును చూడని తండ్రి యాతడు. ఆ యంకమును నేను విద్యార్థులకు పలుమాఱులు బోధించితిని. వారిలో నెవ్వరికిని ఆ చోట కన్ను తడియగా చూడలేదు. పదునాఱేండ్లవారికి తడియదు. తండ్రులైన పిమ్మట తడియును.

ఇచ్చట నొక విశేషమును మనవి చేసెదను. మనుస్మృతి నాలుగవ నెలలో నిష్క్రమణమును, ఆఱవ నెలలో అన్నప్రాశనమును, మొదటి యేటనో మూడవ యేటనో చూడాకర్మమును విధించినది. బిడ్డ బోర్లపడుటకు గాని, కూర్చుండుటకు గాని, తొలియడుగు వేయుటకు గాని, తొలిమాట పలుకుటకు గాని అందు సంస్కారము చెప్పబడలేదు. ఆ కొఱతను తీర్చినవారు మన యిండ్లలోని స్త్రీలు. నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలుకలు. జిల్లానుబట్టి, ఇంటినిబట్టి కొన్ని మాఱుచుండును గాని, తెలుగునాట ఈ పద్ధతి నెఱుగని ముసలమ్మ యుండదు. ప్రాసకొఱకు పిండివంటను వెదకిరో, పిండివంటకొఱకు ప్రాసను కుదిర్చిరో నేను చెప్పలేను. యతిప్రాసలు నేర్వని మన తల్లులు చేసిన యీ ఛందస్సునకు మాత్రము నేను నమస్కరించుచున్నాను.

ఈ యరిసెలెవరికి? పండ్లు చక్కగా రాని బిడ్డ అరిసెను కొఱుకనే లేడు. బిడ్డచేత అరిసెలమీద అడుగులు వేయించి, పళ్లెములలో పెట్టి, ఇరుగుపొరుగు ఇండ్లకు పంపుదురు. అనగా, ఒక యింటి యానందమును వాడకంతకు పంచిపెట్టుట. మఱియొక సంగతి. తొమ్మిదవ నెలలో నడచిన బిడ్డకును అరిసెలే, పదునైదవ నెలలో నడచిన బిడ్డకును అరిసెలే. ముందు నడచినవానికి నేతి యరిసెలని, వెనుక నడచినవానికి నూనె యరిసెలని యెవ్వరును తారతమ్యము చేయలేదు. మార్కులమీద, ర్యాంకులమీద బ్రదుకుచున్న మనమీ సూక్ష్మమును గమనింపవలయును.

తప్పటడుగు అను మన మాటను పరిశీలింపుడు. పెద్దవాడు తప్పటడుగు వేసిన లోకము వ్రేలు చూపును. పసివాడు వేసిన అదే తప్పటడుగునకు లోకము చప్పట్లు చఱచును. ఒక్క మాటలో రెండు లోకములున్నవి. నడక నేర్చువాడు ఎంత శ్రమపడునో లెక్కించినవారును కలరు. న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన కారెన్ అడాల్ఫ్ అను విదుషియు, ఆమె సహచరులును 2012 లో ప్రకటించిన పరిశోధనము ప్రకారము, 12 నెలలు మొదలు 19 నెలల వఱకు వయస్సుగల పిల్లలు ఇచ్ఛానుసారముగా ఆడుకొనునపుడు గంటకు సగటున 2,368 అడుగులు వేయుదురు. 17 మాఱులు క్రింద పడుదురు. గంటకు 17 మాఱులు పడిన పెద్దవాడు మఱునాడు మంచము దిగడు. ఈ పసివాడు పడిన పదియేడవ మాఱును లేచును. వానిని లేపునది యేది?

మా మనుమరాలు వసారానుండి నడవలోనికి గడప దాటుటను నేర్చుకొనగా చూచు భాగ్యము నాకు కలిగినది. పది దినములు పట్టినది. మొదట పొట్టమీద జాఱి అవతలికి చేరెను. తరువాత ద్వారబంధమును రెండు చేతులతో పట్టుకొని, ఒక్క కాలెత్తి, అది యెచ్చట మోపవలయునో తెలియక గాలిలో నుంచి, వెనుకకు కూలబడెను. ఎనిమిదవ దినమున కాలు మోపినది గాని, రెండవ కాలు గడపకు తట్టుకొన్నది. గడపమీద నిలువరాదని మా యింటి పెద్దమ్మగారు ప్రతిమాఱును మందలించుచునే యుండిరి. పదవదినమున ఆ పసిది నిలిచియే దాటగా, మందలించుచున్న యామెయే ముందుగా చప్పట్లు కొట్టిరి. దాటిన పిమ్మట అది నడవలోనికి పోవునని నేనెంచితిని. పోలేదు. తిరిగి వెనుకకు దాటెను. మఱల ముందుకు దాటెను. ఆ సాయంకాలము ఇరువది పర్యాయములకు తక్కువ కాకుండ దాటియుండును. నడవలో దానికి పని లేదు, దాటుటయే పని. దాటిన ప్రతిసారియు తల త్రిప్పి తల్లి మొగము వైపు చూచుచుండెను.

ఆ చూపును గూర్చియే నేను ముఖ్యముగ మీకు చెప్పదలచితిని. 1985 లో జేమ్స్ సోర్స్ మొదలగు నలువురు పరిశోధకులొక పరీక్షను ప్రకటించిరి. బలమైన గాజుపలక పఱచిన బల్లమీద నేడాది వయస్సు పిల్లలను ఒక్కొక్కరిని విడిచిరి. గాజు క్రింద నడుమనుండి కొంత పల్లమున్నట్లు కనబడును. నిజమునకు గాజు ఉన్నది గనుక పడుట లేదు. పల్లపు అంచునకు వచ్చిన బిడ్డ నిలిచి, ఆవలి కొననున్న తల్లి మొగమును చూచును. తల్లి నవ్వు మొగముతో నున్నపుడు 19 మంది పిల్లలలో 14 మంది ముందుకు సాగిరి. తల్లి భయము కనబఱచినపుడు 17 మందిలో నొక్కడును సాగలేదు. తల్లులు ఒక్క మాటయు పలుకలేదు సుడీ! మొగము మాత్రమే చూపిరి. కాన తల్లిదండ్రుల యానందము బిడ్డ చేసిన పనికి ఫలము మాత్రమే గాదు. చేయబోవు పనికి హేతువు గూడ. తర్కశాస్త్రము చదివినవారు కార్యమే కారణమగుట యెట్లని నన్నాక్షేపింపవచ్చును. వారొక సాయంకాలము నా మనుమరాలి చెంత కూర్చుండిన చాలును.

అయితే ఈ యానందమునకు చెదలు పట్టించునది యొకటి కలదు. పోలిక. మన సభలలో భోజనముల పంక్తికడ, పెండ్లిపందిళ్లలో, "మావాడు పదినెలలకే నడచినాడు, మీవాడింకను ప్రాకుచున్నాడా?" యను ప్రశ్న వినబడని దినము లేదు. అడిగినవారికి అది కుశలప్రశ్న. విన్న తల్లికి ముల్లు. ఆమె యింటికి పోయి ఆ రాత్రి బిడ్డ కాళ్లను దీపము వెలుగున త్రిప్పి త్రిప్పి చూచుకొనును. మఱునాడు బిడ్డ గోడ పట్టుకొని లేచి నిలిచినను ఆమెకు సంతోషము కలుగదు. ఇట్టి సోదరీమణులకొఱకు నేనొక లెక్కను వ్రాసికొని వచ్చితిని. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు భారతదేశముతో కూడ ఐదు దేశముల పిల్లలను పరిశీలించి 2006 లో ప్రకటించిన దానిలో, ఆధారము లేకుండ నడచుట 8.2 నెలలు మొదలు 17.6 నెలల లోపున నెప్పుడైనను కలుగవచ్చునని యున్నది. అనగా తొమ్మిది నెలలకు పైబడిన యెడము. ఊతము లేక కూర్చుండుట 3.8 మొదలు 9.2 నెలలు. చేతులు, మోకాళ్లు ఆనించి ప్రాకుట యను మెట్టు నూటికి నలుగురు పిల్లలు ఎక్కనే యెక్కక నేరుగ నడకకు పోవుదురు. కాబట్టి పదునాలుగవ నెలలో నడువని బిడ్డను చూచి పెదవి విఱుచువారికి ఈ లెక్కను వినిపింపుడు.

ఐనను ఊరకుండవలసిన చోటును, ఊరకుండరాని చోటును వేఱుగ తెలిసికొనవలయును. మాట విషయమున నిది మఱింత ముఖ్యము. "మా వంశములో మగపిల్లలకు మాటలాలస్యము, వీని తాతకును నాలుగేండ్లకు గాని మాట రాలేదు" అని పెద్దలు చెప్పుచుందురు. నేను తరగతిగదిలో చూచిన పిల్లలలో, మందబుద్ధి యని పేరుపడి కడపటి బల్లమీద కూర్చుండినవారు కొందఱు నిజమునకు చెవులు వినబడనివారు. అది బయటపడునప్పటికి వారికి పదేండ్లు. బిడ్డ పిలుపునకు తల త్రిప్పకున్నను, వెనుక పళ్లెము పడినను ఉలిక్కిపడకున్నను, తాత కథను ప్రక్కనుంచి వెంటనే చెవి పరీక్ష చేయింపవలయును. 2013 లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టుకతోడి లోపములను, ఎదుగుదలలోని యాలస్యమును కనిపెట్టుట ముఖ్యోద్దేశములలోనివి. అంగన్వాడీ కార్యకర్త నడిగినను దారి చెప్పును. ఇందులో సిగ్గు పడవలసినది లేదు.

మాటల ప్రస్తావన వచ్చినది గనుక, వ్యాకరణపండితుడనని యెఱిగియు నన్ను పిలిచినందులకు మీరిది సహింపవలయును. మన వర్ణమాల కంఠమునుండి బయలుదేఱి, తాలువును, మూర్ధమును, దంతములను దాటి ఓష్ఠములకడ ముగియును. క, చ, ట, త, ప. బిడ్డ మాటలు పెదవులనుండి బయలుదేఱి లోనికి పోవును. అమ్మ, పాప, బువ్వ పెదవులు. నాన్న, తాత, అత్త దంతములు. కంఠ్యమగు కకారము తఱచుగా వెనుక వచ్చును. మా మనుమరాలికి కొన్ని వారములు కాకి 'తాతి' యై యుండెను. తాతయు తాతియు నించుమించు ఏకనామధేయులగుటచే, ప్రహరీగోడమీద కాకి వాలినపుడెల్ల నేను వాకిటికి పోవలసివచ్చెడిది. రేఫ మింకను దూరము. 'రా' యని పిలువవలసినచోట 'లా' యనును.

మఱియొకటి. నాన్న వచ్చినను, పాలు వచ్చినను, బస్సు వచ్చినను దానికి 'వచ్చింది' యే. తాత కూడ వచ్చిందియే. ఇంటిల్లిపాదియు నవ్విరి. నేను నవ్వలేదు. దానికి 'నాన్న వచ్చింది' యని యెవ్వరును నేర్పలేదు. మా యింట నెవ్వరు నట్లు పలుకరు. ఎవ్వరును పలుకని రూపమును ఆ పసిది పలికెననగా, విన్నదానినెల్ల చిలుకవలె అప్పగించుట లేదనియు, విన్నదానిలోనుండి తానొక సూత్రమును తీసికొని అంతటను ప్రయోగించుచున్నదనియు తెలియుచున్నది. ఏ ఉపాధ్యాయుడు చెప్పని సూత్రము! మహద్వాచకమునకు వేఱు రూపము కలదని కొన్ని నెలలలో తానే కనుగొని సవరించుకొన్నది. నేను పెద్ద తరగతులలో క్రియావిభక్తులను బెత్తము చూపి చెప్పిన దినములను తలచుకొని, బెత్తము లేని యీ చిన్న విద్యార్థినికి మనసులోనే జోహారు లర్పించితిని.

తండ్రులను గూర్చి యిక కొంత. నా బాల్యమున ఉమ్మడికుటుంబములలో చిన్నవయస్సు తండ్రి పెద్దలయెదుట తన బిడ్డ నెత్తుకొనుట మర్యాద గాదు. ఏడ్చుచున్నను చూచియు చూడనట్లు బయటికి పోవలసినదే. రాత్రి దీపములు తగ్గిన తరువాత దొంగచాటుగ చూచుకొనెడివారు. నేడు మన యువకులు బిడ్డను భుజముమీద వేసికొని సభలకు వచ్చుచున్నారు. నేలమీద కూర్చుండి ఏనుగై, గుఱ్ఱమై మోయుచున్నారు. కొందఱు పెద్దలు దీనిని చూచి మూతి త్రిప్పుచున్నారు. వారు నాకు మిత్రులే యైనను, ఈ విషయమున నేను యువకుల పక్షము. దిలీపునకు తగినది మనకు తగదా?

కాని యువకులకును ఒక మాట. దుబాయిలోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచున్న తండ్రికి భార్య పంపిన సెల్‌ఫోను వీడియో అమృతము. దానిని నేను నిందింపను. ఇంటిలోనే, నాలుగడుగుల దూరమున కూర్చున్న తండ్రి సంగతి వేఱు. బిడ్డ గోడ విడిచి తొలియడుగు వేయగానే యాతడు ఫోను నెత్తి మొగమున కడ్డుగ పట్టుకొనును. బిడ్డ అడుగు వేసి, అలవాటు చొప్పున తండ్రి మొగము కొఱకు వెదకును. మొగ ముండవలసిన చోట నల్లని పలక యొకటి కనబడును. ఇందాక చెప్పిన గాజుబల్లను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బిడ్డ చదువవలసిన పుస్తకమును మనమే మూసివైచుచున్నాము. తొలియడుగు వీడియోలో లేకపోయిన నష్టము లేదు. రెండవ యడుగును, రెండువేలవ యడుగును ఆ గంటలోనే వేయును, అపుడు తీసికొనవచ్చును. ఇక ఆ ఫోనునే బిడ్డ చేతికిచ్చి అన్నము తినిపించు ఆచారము మన యిండ్లలో ప్రబలినది. ఏడాది వయస్సు పిల్లలకు తెరచూపు అసలే వలదనియు, రెండేండ్లు మొదలు నాలుగేండ్లవారికి దినమునకొక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 లో సలహా యిచ్చినది. చందమామను చూపి తినిపించుటకు చందమామ కింకను సుంకము విధింపలేదు.

ఆటవస్తువులను గూర్చి పోషకులు కొందఱు నన్నడిగిరి. బిడ్డను నడుమ కూర్చుండబెట్టి కాళ్లతో త్రోసికొని పోవు చక్రముల నడకబండిని కొనవలదు. అది మెట్లమీదనుండి దొర్లిన ప్రమాదములను చూచి కెనడా దేశమువారు 2004 లో దాని యమ్మకమునే నిషేధించిరి. మన పాతకాలపు మూడుచక్రముల కొయ్యబండి వేఱు: దానిని పట్టుకొని బిడ్డ తన కాళ్లమీద తానే నిలువవలయును. అంకుడు కఱ్ఱతో చేసి లక్కరంగులద్దిన ఏటికొప్పాక బొమ్మలు నున్నగా నుండి పసిచేతులకు పట్టు కుదురును.

చివరకు కార్యవర్గమువారికి నాదొక ప్రార్థన. వచ్చు సంవత్సరపు మహాసభకు పతకముల బల్ల యెట్లును ఉండును. దాని ప్రక్కను మఱియొక బల్ల వేయింపుడు. ఈ యేట మన కుటుంబములలో నడక నేర్చిన బిడ్డలెందఱో వారి తల్లిదండ్రులను, తొమ్మిదవ నెలవారని పదునేడవ నెలవారని పట్టిక వ్రాయక, వరుసగా పిలువుడు. ఇంకను నడువని బిడ్డ యున్న తల్లియు రావలయును. ఆమెకు ముందే యిచ్చివేయుదము. బియ్యపుపిండికి, బెల్లమునకు, నేతికి అగు వ్యయమును నా ఉపకారవేతనమునుండి నేను భరింతును. పాకము పట్టుట మాత్రము నాకు తెలియదు. ముదురుపాకము పట్టినచో పసివాని కాలిక్రింద అరిసె పలుకై విఱుగునని మా పెద్దమ్మగారు చెప్పుచున్నారు. కావున వండు భారమును మహిళావిభాగమువారు వహింతురేని, వారి పేర్లను ఈ సాయంకాలము లోపల కార్యదర్శిగారికి తెలియజేయ గోరుచున్నాను.